వెనక అట్ట మీది ఫొటో

యాకుత్‌పురా స్టేషన్లో ఒక ముసలామె నా చెయ్యి గట్టిగా పట్టుకున్న క్షణంలోనే నాకు భయం వేసింది.

"బిడ్డా, వీడెవడో నా ఎన్క పడ్డడు. నన్ను మా ఇంటాయన దగ్గరికి తోలియ్యి."

నా పిల్లలిద్దరినీ వెనక్కి లాక్కుని, ఆమె వెంట వస్తున్న ముసలాయన మీద అరిచాను. "గీ వయసుల గిదేం పని పెద్దాయనా? పోలీసుల్ని పిల్వాల్నా?"

ఆయన సంచిలోంచి ఒక కథల పుస్తకం తీసి, వెనక అట్ట మీద రచయిత ఫొటోను ఆమెకు చూపించాడు. ఫొటోలో జుట్టు నల్లగా ఉంది కానీ ఆ ముఖం ఆయనదే.

"మీ ఇంటాయన ఈయనే గదమ్మా? మిమ్మల్ని తోలుకరమ్మని నన్ను పంపిండు."

ఆమె నా చెయ్యి వదిలేసింది. "గట్ల ముందే చెప్పొద్దా" అని ఆయన్ను కసిరి, ఫొటోను కొంగుతో తుడిచింది. తర్వాత నావైపు తిరిగింది.

"పుస్తకాల్ల మస్తు రాస్తడు బిడ్డా. యాభై ఏండ్లాయె, ఇంట్ల నాతోని నాలుగు మాటలు మాట్లాడలే."

ఆయన పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు. "ఆయనకు చెప్తనమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున పిల్లలకు, ఆ తాత దొంగ కాదని, ఆమె భర్తేనని చెప్పాను. మరి ఎందుకు భయపడిందని చిన్నది అడిగింది. ఆమెకు అన్నీ మర్చిపోయే జబ్బని చెప్పాను.