ఈల ఊది పెట్టిన అన్నం

ఆ రోజుల్లో సన్నగా ఉండడం ఎవరికీ గొప్ప కాదు. ఆడపిల్ల సన్నగా ఉందంటే ఇంట్లో తిండి లేదనో, ఒంట్లో ఏదో ఉందనో గుసగుసలాడుకునేవారు. ఇప్పుడు మా కాలనీ ఆడవాళ్ళు పొద్దున్నే చెమటలు కక్కుతూ మైదానం చుట్టూ తిరుగుతుంటే, నేను వరండాలో కూర్చుని టీలో బిస్కట్టు ముంచుకుంటూ చూస్తుంటాను. ఒకప్పుడు నా ఒంటికి నాలుగు కిలోల కండ పట్టించడానికి మా క్వార్టర్ల వరసంతా నానా అవస్థా పడిందంటే వీళ్ళెవరూ నమ్మరు.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన రాయపూర్ స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. నా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు, సముద్రపు ఒడ్డున. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, అమ్మ అప్పటికే పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కూడా సిద్ధం చేసింది. "నువ్వు రాయే, సొరపుట్టు చేసి పెడతాను. నీ పిల్ల తాగలేక ఒదిలీసినన్ని పాలు పడతాయి" అనేది. (పాలసొర అని సొరచేపలో ఒక రకం. బాలింతకి దాన్ని ఉడికించి, పొడిపొడిగా విడదీసి, వెల్లుల్లితో వేయించి పెట్టకపోతే మా వైపు పురుడు పోసినట్టే కాదు.) నాకు ఏడో నెల రాకుండానే ఆవిడ జ్వరం వచ్చి పోయింది. అమ్మ లేని ఇల్లు పుట్టిల్లేమిటి? రాయపూర్ ఆసుపత్రిలోనే కన్నాను. ఆడపిల్ల.

అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగేది కాదు. కంచం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది, లేస్తే కళ్ళు తిరిగేవి. పాలు చాలక చంటిది గుక్కపట్టేది. ఆసుపత్రి నర్సమ్మ (గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి, నోరు చేదు, మనసు తీపి) పిల్లని చూసి, నన్ను చూసి, "ఇదేంటమ్మా, నువ్వే పిల్లలా ఉన్నావు! ముందు నీ బరువు పెరగాలి. నువ్వు తినకపోతే ఈ పిల్ల దక్కదు, చెబుతున్నా" అంది. దక్కదు అన్న మాటకి పిల్లని గట్టిగా అదుముకున్నాను. అయినా అన్నం మాత్రం దిగలేదు. భయం ఆకలి పుట్టించదు.

అప్పుడు దిగాడు మా నాన్న. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఖాకీ నిక్కరు పోయి పంచె వచ్చింది గానీ, నడుముకి తోలు బెల్టూ, మెడలో ఈలా పోలేదు. భుజాన గోనెసంచి నిండా ఎండబెట్టిన పాలసొర. "ఈ దేశంలో జనం మా మంచోళ్ళే! రాయగడ దాటేసరికి పెట్టెలో ఒక్కడు లేడు. ముసిలోడు పడుకుంటాడని సీట్లన్నీ ఒదిలీసినారు" అని మా ఆయనకి చెప్పాడు. మా ఆయన ముక్కు పట్టుకుని బుర్ర ఊపారు. నాన్న సంచి దింపి, ఉయ్యాల్లోకి చూసి అన్నాడు: "మీ అమ్మ పని ఒకటి మిగిలిపోయిందే. అది చేసీసి ఎళ్తాను."

మగాడు కూతురికి పథ్యం వండడానికి బయల్దేరాడని ఊళ్ళో నవ్వారట. నవ్వరూ మరి! ఆయన జన్మలో వంటింటి గడప దాటలేదు. పీట వేసి, అమ్మ వడ్డించి, "తినండి" అంటే తినేవాడు. "ఇంకొంచెం" అంటే తల ఊపేవాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా ఆవిడే చేతికివ్వాలి. సొరపుట్టు రుచి ఆయనకి తెలుసు, అంతే. సొరచేప తోలు గరగరలాడుతూ ఇసక అంటించినట్టుంటుందనీ, దాన్ని వేడినీళ్ళు పోసి గీకి పారేయాలనీ ఆయనకెవరు చెప్పారు? తోలుతోనే ఉడికించాడు. వేలి కొసతో ఉప్పు చూసి "బాగుంది" అని నా ముందు పెట్టాడు. నోట్లో పెట్టుకుంటే కరకరమంది. ఎదురుగా గొంతుక్కూచుని, మసి అంటిన మొహంతో, పరీక్ష రాసిన పిల్లాడిలా చూస్తున్నాడు. ఏమని చెప్పను? "అమ్మ చేసినట్టే ఉంది నాన్నా" అన్నాను.

ఆ వాసనకి గోడ అవతలి కాకీ (పిన్నిని అక్కడ అలా పిలుస్తారు) ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. ఛత్తీస్‌గఢీ ఆవిడ. చేప పేరెత్తితే నోరు కడుక్కునే ఇల్లు. "నోనీ, తేరే ఘర్ మే కుఛ్ మర్ గయా క్యా?" అని భయంగా అడిగింది. (నోనీ అంటే అక్కడ అమ్మాయీ అని. మీ ఇంట్లో ఏదైనా చచ్చిందా అని ఆవిడ అనుమానం.) సంగతి తెలిశాక వెళ్ళి, శొంఠీ బెల్లం నెయ్యీ కలిపి చేసిన లడ్డూలు గిన్నెతో గోడ మీద పెట్టింది. బాలింతకి వాళ్ళిళ్ళల్లో అదే మందు. నాన్నకి పౌరుషం పొడుచుకొచ్చింది. "పుట్టింటోడు నేను బతికుండగా పరాయోళ్ళు పెట్టడమేటి?" అన్నాడు. కానీ నేను లడ్డూలో సగం కొరకడం చూసి మెత్తబడిపోయాడు. "సరే, పొద్దున్న ఆవిడ వంతు. మధ్యాన్నం నాది. డ్రిల్లు నాది!"

డ్రిల్లంటే డ్రిల్లే. ఈల ఊది, "ఎత్తు! నములు! మింగు!" అనేవాడు. వీధిలో పిల్లలు ఆ ఈలకి వరసగా నిలబడి కాళ్ళు ఎత్తి దింపేవారు. కాకీ గోడ మీంచి ముక్కు మూసుకునే "ఔర్ ఖా లే, ఔర్ ఖా లే" అని, ఇంకా తినమని ఎగదోసేది. నాకు నవ్వాగేది కాదు. అమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వితే గొంతు విచ్చుకుంటుంది కదా, ఆ సందు చూసుకుని అన్నం జారిపోయేది. ఇసకా, తోలూ అన్నీ జారిపోయేవి. పాలు పడ్డాయి. చంటిది తాగి తాగి రొమ్ము మీదే నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం పెరట్లో టకటకమని చప్పుడు. చూస్తే నాన్న బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కొడుతున్నాడు. "తోలు సాగిపోయిందే, పాతది కదా" అన్నాడు. కాబోలు అనుకున్నాను.

ఆ ఆదివారం మా ఆయన మమ్మల్ని పార్సిల్ ఆఫీసుకి తీసుకెళ్ళారు. బట్టల మూటలూ, తమలపాకుల బుట్టలూ తూచే పెద్ద కాటా మీద నన్ను నిలబెట్టారు. ఆసుపత్రిలో తూచినప్పటికంటే నాలుగు కిలోలు పెరిగాను! నాన్న ఈల ఊదాడు, హమాలీలు చప్పట్లు కొట్టారు. "మీరూ ఎక్కండి మామయ్యా, సరదాకి" అన్నారు మా ఆయన. వద్దు వద్దంటూనే ఎక్కాడు. మా ఆయన కాటా గుండుని వెనక్కి జరిపారు, ఇంకా వెనక్కి జరిపారు, చివరికి వంగి కాటా కింద ఏమైనా ఇరుక్కుందేమో చూశారు. లేచి నా వైపు చూశారు గానీ అంకె పైకి చెప్పలేదు. నాన్న బెల్టు కొస నడుము చుట్టూ తిరిగి వచ్చి తొడ దాకా వేలాడుతోంది. అప్పటిదాకా నేనది చూడనే లేదు. "కాటా తప్పు బాబూ" అన్నాడు నాన్న, దిగుతూ.

ఇంటికొచ్చాక అడిగాను. "నాన్నా, నువ్వు రోజూ ఏం తింటున్నావు?"

"వండినప్పుడు రుచి చూస్తాను కదేటి."

"తర్వాత?"

బెల్టు కొస వేలికి చుట్టుకున్నాడు. "నాకు నేను ఒడ్డించుకోడం అలవాటు లేదే గుంటా. పళ్ళెం ముందెట్టుకు కూకుంటాను. తినండి అని ఎవరూ అనరు. తీసి కడిగీస్తాను. ఊళ్ళోనూ అంతే."

నాకు అన్నం పెట్టడానికి మూడు రాష్ట్రాల మీదుగా రైల్లో వచ్చిన మనిషి! దుఃఖం ముంచుకొచ్చింది. ఏడిస్తే ఆయన లేచిపోతాడు. అందుకని పీట వేశాను. దుబరాజ్ బియ్యపు అన్నం, పుట్టూ వడ్డించాను. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాను. ఆయన మెడలోంచి ఈల తీసి ఊదాను. నాకు ఊదడం రాదు, గాలే వచ్చింది. "తినండి మాస్టారూ. ఎత్తు!"

ఎత్తాడు. "నములు!" నమిలాడు. దవడ ఆగిపోయింది.

"ఒలే! ఇదేటే, ఇసకలాగుంది! ఇదేనా ఇన్నాళ్ళూ తిన్నావు?"

నేను తలూపాను. ఆయన పళ్ళెంలో పుట్టుని వేలితో కెలికి చూశాడు. "మీ అమ్మ దీన్ని ఏటి చేసీదో... ఒక్కనాడూ అడగలేదే" అన్నాడు. మా ఇద్దరికీ నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఏది ఎక్కడ ఆగిందో తెలీదు. "మింగు!" అన్నాను. మింగాడు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నేను ఈల వదల్లేదు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మొన్న డాక్టరమ్మ నన్ను కాటా ఎక్కించి, "కనీసం ఓ నాలుగు కిలోలు తగ్గాలండీ" అంది. అలాగేనని బుద్ధిగా తలూపి వచ్చేశాను గానీ, నాలో నేనే నవ్వుకున్నాను. ఏ నాలుగు కిలోలని తగ్గించను తల్లీ? అవి మా నాన్నవి.