బనిత్సాలో వాషర్

గాంచో తప్పు ఒప్పుకోగా ఎలెనా ఊళ్లో ఎవరూ చూడలేదు. బస్సు డిపోలో కరెంటు పనివాడిగా చేరిన నాటి నుంచి పింఛను పుచ్చుకునే దాకా, ఏ బస్సు దారిలో ఆగినా అది డ్రైవరు తప్పే, కాదంటే వైరు తయారుచేసిన వాడి తప్పే, ఇద్దరూ దొరక్కపోతే వానదే. అలాగని పని చేతకానివాడా అంటే, అబ్బే, నికార్సైన పనివాడు. విప్పిన ప్రతి వస్తువునూ పాతగుడ్డ మీద వరసగా పేర్చుకుంటాడు. పని ముగిసేసరికి గుడ్డ ఖాళీ కావాలి. ఒక్క స్క్రూ మిగిలినా బండి గేటు దాటడానికి వీల్లేదు. అదే అతని శాస్త్రం. ఆ శాస్త్రాన్ని నమ్ముకునే కన్నకూతురి ప్రాణం మీదికి తెచ్చాడు.

కూతురి పేరు జ్లాతినా. కనుమకు అవతల, స్లివెన్ పట్నంలో పశువుల డాక్టరు. సెలవు దొరికితే ఎర్ర జావా మీద కొండ దాటి ఇంటికొస్తుంది. ఆ బండంటేనే తండ్రికి ఒళ్లుమంట. పైగా దాని ఇండికేటర్లు ఎప్పుడో విరిగిపోయాయి. పిల్ల చెయ్యి చాపి మలుపు తిరుగుతుంది. ఈమధ్య కలప లారీ ఒకటి ఆ చెయ్యి చూసుకోక ఒరుసుకుంటూ పోయిందట. ఆ మాట విన్నాక గాంచోకి కంటి మీద కునుకు లేదు. హ్యాండిల్ రెండు చివర్లా బిగించే ఇండికేటర్లు తెప్పించాడు. ముందు వచ్చేవాడికీ కనిపిస్తాయి, వెనక వచ్చేవాడికీ కనిపిస్తాయి.

ఆ ఇంటి ద్రాక్షపందిరి కింద ఉన్నది ఒకటే బల్ల. సగం గాంచోది, సగం అతని భార్య వెలికాది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ సరిహద్దు తగువు తెగలేదు. ఆ పొద్దున ఆయన తన సగంలో సామాను పరుచుకుంటే, ఆవిడ తన సగంలో దుప్పటి వేసి బనిత్సా కోసం పిండి సాగదీస్తోంది. పల్చగా, వెనకున్న చెయ్యి కనబడేంత పల్చగా సాగదీసి, చీజ్ చల్లి, దుప్పటి అంచు పట్టుకుని చాపలా చుట్టేస్తారు. పిండి సాగేకొద్దీ సరిహద్దు దాటుతుందని గాంచో, ఆయన గ్రీజు చేతులు పిండికి తగులుతాయని వెలికా, ఇద్దరూ గొణుక్కుంటూనే ఉన్నారు.

హ్యాండిల్ గొట్టంలోంచి వైర్లు లాగి ఎడమవైపు దీపం బిగించేశాడు. కుడివైపే జాగ్రత్త పడాలి, అక్కడ యాక్సిలరేటర్ ఉంటుంది. దాని పిడికీ దీపానికీ మధ్య పల్చటి ఇత్తడి వాషర్ పడాలి. అది లేకపోతే పిడి మెల్లగా జరిగి దీపానికి ఒరుసుకుంటుంది. తిప్పితే తిరుగుతుంది గానీ వదిలితే వెనక్కి రాదు. ఆ వాషర్‌ని గుడ్డ చివర పెట్టి, టేపు కోసం లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వెలికా పిండి చుట్టేసింది, దుప్పటి దులిపేసింది, బనిత్సా పొయ్యిలోకి వెళ్లిపోయింది. గాంచో మిగిలినవన్నీ బిగించి చూసుకున్నాడు. గుడ్డ ఖాళీ. అంటే వాషర్ ముందే వేసేశాననుకున్నాడు. పిడి తిప్పి వదిలాడు. వెనక్కి వచ్చింది.

ఇంతలో జ్లాతినాకి ఫోను, కనుమ అవతల ఓ ఊళ్లో ఆవుకి దూడ అడ్డం తిరిగిందని. బనిత్సా కాలేదాకా ఆగలేనంది. తల్లి సణుక్కుంటూనే రాగిచెంబుతో గేటు దగ్గర నిలబడి చక్రం ముందు నీళ్లు పోసింది. ప్రయాణం నీళ్లలా సాఫీగా సాగాలని పోస్తారు. ఆ నీళ్లు దాటాక ఎవరూ వెనక్కి రారు, వస్తే కీడు. బండి నీళ్లు దాటింది, కాస్త దూరం పోయి ఆగింది.

"నాన్నా, యాక్సిలరేటర్ కొంచెం బరువుగా ఉందే. ఓసారి చూస్తావా?" అంటూ బండి తిప్పబోయింది.

వెలికా చెంబు పట్టుకునే అడ్డంగా చేతులు ఊపింది. "నీళ్లు దాటాక వెనక్కి రాకే తల్లీ. నీ దారిన నువ్వు వెళ్లు."

పోనీ ఆయనే నాలుగడుగులు వేసి చూడొచ్చుగా? చూడలేదు. తన పనికి వంక పెట్టిందని చురుక్కుమంది ఆయనకి. "కొత్తది కదా, తిరిగేకొద్దీ అదే లూజవుతుంది. పోవే, నాకు పని నేర్పకు," అన్నాడు. పిల్ల నవ్వి చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

బనిత్సా వేడివేడిగా బల్ల మీదికి వచ్చింది. గాంచో నోట్లో పెట్టుకున్న ముక్కలో పంటి కింద ఏదో టక్కుమంది. వెలికా మొహం విప్పారింది. కొత్త సంవత్సరం నాడైతే బనిత్సాలో నాణెం దాస్తారు, ఎవరి ముక్కలో వస్తే ఏడాదంతా వాళ్లదే అదృష్టం.

"ఈ ఏడు నడిమధ్యలోనే పట్టిందయ్యా నీకు అదృష్టం," అని నవ్వింది.

గాంచో అరచేతిలోకి ఉమ్మాడు. ఇత్తడి వాషర్. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. వెలికా నవ్వు ఆగిపోయింది. అది పిల్ల బండిదని అర్థమై, పరుగెత్తుకెళ్లి కారు తాళాలు తెచ్చింది.

పాత మాస్క్‌విచ్ కారు కనుమ ఎక్కుతూ రొప్పుతోంది. వెలికా ఫోను చేస్తూనే ఉంది, అది మోగుతూనే ఉంది. ఎవరినీ వెనక్కి పిలవనివ్వని మనిషి, అద్దానికి మొహం ఆనించి "వెనక్కి వచ్చెయ్యి తల్లీ, వచ్చెయ్యి" అని జపంలా అంటోంది. పైనుంచి దిగుతున్న లారీని గాంచో రోడ్డుకి అడ్డంపడి ఆపాడు. ఎర్ర జావా మీద అమ్మాయి ఎదురుపడిందా అని అడిగాడు. కనుమ అవతలినుంచే వస్తున్నాను, దారి పొడుగునా బండి అన్నదే ఎదురు రాలేదన్నాడు డ్రైవరు. ఆ మాటకి ఇద్దరి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ దారికి చీలిక లేదు. లారీకి ఎదురుపడలేదంటే, పిల్ల రోడ్డు మీద లేదు.

అప్పటినుంచి నడక వేగంతో పోనిచ్చాడు. ఆయన ఓ పక్క లోయ చూస్తున్నాడు, ఆవిడ ఓ పక్క పొదలు చూస్తోంది. బండి జారిన గుర్తులు ఎక్కడా లేవు. పెద్ద మలుపు దగ్గర, రోడ్డుకి కిందగా గుబురు పొదల్లో, ఏదో నారింజరంగుది వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది.

గాంచో కారు తలుపు కూడా వెయ్యకుండా, వాలు మీద కూర్చుని జారుతూ దిగాడు. జావా ఎడమవైపుకి పడి ఉంది, కుడి హ్యాండిల్ చివర ఇండికేటర్ పొదల పైకి నిక్కి మిణుకుమంటోంది. బండి కింద కాలు ఇరుక్కుని, మొహమంతా గీరుకుపోయి జ్లాతినా. కళ్లు తెరిచే ఉంది.

"వదిలినా తగ్గలేదు నాన్నా. ఇంకా ఇంకా లాక్కుపోయింది," అంది. "ఫోను ఎక్కడో పడింది. హారన్ పలకలేదు. ఈ స్విచ్చు ఒక్కటే చేతికందింది."

గాంచో జేబులోంచి వాషర్ తీసి చూపించాడు. "తప్పు నాదే తల్లీ," అన్నాడు. పైన రోడ్డు మీద నిలబడ్డ వెలికా ఆ మాట వింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట అది మొదటిసారి వినడం. ఆవిడకి ఏడుపు ఆగలేదు.

కాలు విరిగింది, అతికింది. ఆకులు రాలే నాటికి జ్లాతినా మళ్లీ బండెక్కింది. వాషర్ దాని చోట అది ఉంది, గాంచో తల్లికీ కూతురికీ విప్పి మరీ చూపించాడు. వెలికా చెంబుతో గేటు దగ్గరికి వచ్చింది గానీ నీళ్లు పొయ్యలేదు.

"ముందు వీధి చివరి దాకా పోయి వెనక్కి రా," అంది. "బండి ఎలా ఉందో మీ నాన్నకి చెప్పు. అప్పుడు పోస్తాను."

జ్లాతినా బండి పోనిచ్చింది. నిండు చెంబుతో ఆవిడా, వట్టి చేతులతో ఆయనా, వీధి చివరికేసి చూస్తూ నిలబడ్డారు.