ఖాలాతో కళ్లద్దాలు అమ్మిన ఏడాది

మా చిన్న కోడలు ఇంటి పనులన్నీ చక్కబెట్టుకుంటూనే దూరవిద్యలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదువుతోంది. పైకి చదివితే తప్ప తనకు బుర్రకెక్కదు కాబట్టి ఆ చదువు సగం నా చెవుల్లో కూడా పడుతూ ఉంటుంది. మొన్నొక మధ్యాహ్నం నేను పొడి కొట్టడానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుంటే పక్క గదిలోంచి ఒక ప్రశ్న వినిపించింది. పరాయి దేశానికి వలసపోయి స్థిరపడిన ఇరానీయుల, ఆర్మేనియన్ల ఆర్థిక స్థితిగతులను పోల్చి రాయాలట. ఆర్మేనియా అన్న పేరు నేనెన్నడూ విని ఎరగను. అడిగితే పటం తెచ్చి, ఇరానుకు పైన ఆనుకుని ఉన్న చిన్న దేశమని చూపించింది. ఇరుగుపొరుగు దేశాల్లో పుట్టినవాళ్లు ఒకే చోటికి బతకబోయి, ఒకరు ఒక రకంగానూ ఇంకొకరు ఇంకొక రకంగానూ ఎందుకు నిలదొక్కుకున్నారో చెప్పాలట. ఆర్మేనియా వాళ్ల సంగతి నాకేం తెలుసు గాని, ఇరానీ అన్న మాట వినేసరికి నా చేతులు ఆగిపోయాయి. కోడలికి ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్లయినా నోరు తెరిచి చెప్పడానికి సిగ్గు అడ్డం వచ్చింది. నా ఈడువాళ్లు, ఆ కరువులు చూసినవాళ్లు అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది ఉరవకొండ పక్కన పల్లె. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ కూలివాళ్లకు పని చెప్పిన ఇళ్లేగాని కూలికి పోయిన ఇళ్లు కావు. కాని మెట్టభూమి ఎంత ఉంటే మాత్రం ఏం లాభం, వాన పడాలి గదా. తొంభైలు ముగిసి రెండువేలు మొదలయ్యే ఆ రోజుల్లో విత్తనం వేయడం, అది మొలిచి మాడిపోవడం చూడడం, మళ్లీ ఏడు ఇంకోసారి వేయడం, ఇదే మా బతుకైపోయింది. బోరు వేస్తే దుమ్ము వచ్చింది. చివరికి పిల్లల చదువుల కోసమని ఊళ్లో చెప్పుకుని గుంతకల్లు చేరాం. నిజానికి మా పిల్లలు చదివే బడి మా ఊళ్లోనే ఉండేది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అయినా ఎవరూ ఎదురు మాట అనలేదు. ఆ ఏడు ప్రతి ఇంటికీ అలాంటి సాకు ఒకటి అవసరమైంది.

మా ఆయన పెదనాయన కొడుకు, నాకు బావ వరస, ఆయనకు గుంతకల్లులో వరసగా అంగళ్లు ఉండేవి. వాటిలో ఒకటి మార్వాడీ సేటు బట్టల అంగడి. ఆ అంగడి వెనక గది మాకు ఇప్పించి, మా ఆయనను సేటు దగ్గరే పనికి కుదిర్చాడు. పేరుకు గుమాస్తా, చేసేది మూటలు మోయడం. గది వెనక ఒక మురుగుకాలువ, దానికి అవతల ఇరానీవాళ్ల వీధి. వాళ్ల తాతముత్తాతలు గుర్రాలమ్ముకుంటూ ఈ దేశం వచ్చారట. గుర్రాల కాలం పోయాక కత్తులు, ఉంగరాల రాళ్లు, కళ్లద్దాలు అమ్ముకుంటూ రైలు పట్టాల వెంబడి ఊళ్లలో నిలిచిపోయారు. వంట గది కిటికీ తీస్తే వాళ్ల వీధి, ముందు తలుపు తీస్తే సేటు అంగడి. రెండు వలసల నడుమ మూడో వలస మాది, కాని అప్పట్లో మమ్మల్ని మేము ఆ మాటతో అనుకోలేదు.

సేటు మంచివాడు. వాళ్ల నాయన చిన్నప్పుడు ఒంటి గుడ్డతో రైలు దిగితే, అప్పటికే ఇక్కడ ఉన్న వాళ్ల దేశపు పెద్దమనిషి ఒకరు ఇంట్లో అన్నం పెట్టి, అంగట్లో పని నేర్పి, మాట మీద నమ్మి బట్టల తానులిచ్చాడట. మా ఆయన వాళ్ల తాత అంగడి అద్దెకిచ్చాడట. నేను చూస్తుండగానే సేటు బామ్మర్దులు, మేనల్లుళ్లు ఒక్కొక్కరే దిగేవారు; తెలుగు రాని పిల్లవాడు కొన్నాళ్లకు బేరమాడడం నేర్చేవాడు, మరికొన్నాళ్లకు గుత్తిలోనో ఇంకెక్కడో సొంత అంగడి తెరిచేవాడు. కాలువ అవతల మాత్రం ఏ రోజు అమ్మితే ఆ రోజే తిండి. వాళ్లలోనూ చేతనైన మగపిల్లలున్నారు, మాటకారులున్నారు. లేనిదల్లా చేయందించే పెద్దవాడు, అంగడిచ్చే ఇంటివాడు. ఊళ్లో ఎవరి వస్తువు కనపడకపోయినా మొదటి చూపు ఆ వీధి మీదికే పోయేది.

ఆ వీధిలో ఒక పెద్దావిడతో నాకు కిటికీ స్నేహం కలిసింది. అందరూ ఆమెను ఖాలా అనేవారు, అంటే పిన్నమ్మ అని. ఆమె తెలుగు అచ్చం మా తెలుగే. ఒకరోజు నేను సేట్ల సంగతెత్తి, మీరూ వాళ్లలాగే వచ్చినవాళ్లు గదా అన్నాను. దానికి ఆమె, "సేటు ఊరొదిలినాడు గానీ సేటును ఊరొదల్లేదమ్మా. పెండ్లికి పోతాడు, సావుకు పోతాడు. మా ఊరు యాడుండాదో మా నాయనకే తెల్దు" అంది.

ఇలా ఉండగా మా ఆయన మూట ఎత్తబోయి నడుము పట్టేసి మంచం పట్టాడు. సేటు కొన్నాళ్లు ఓర్చుకున్నాడు, ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు? ఆ సమయంలోనే ఖాలా వెంట తిరిగే కూతురు పెళ్లై దూరం వెళ్లిపోయింది. పల్లెల్లో కళ్లద్దాలమ్మడానికి తనతో రమ్మని ఖాలా నన్ను పిలిచింది. తెలుగింటి మనిషి పక్కన ఉంటే ఆడవాళ్లు తలుపులు తీస్తారని ఆమె ఆశ. నేను ఒప్పుకున్నాను గాని, పెద్దింటి కోడలు సంచి తగిలించుకుని ఇల్లిల్లూ తిరగడం ఎవరైనా చూస్తే ఎలాగన్న దిగులుతో, ఆమె తలకు కప్పుకునే నల్లగుడ్డ లాంటిదే నాకూ ఒకటి కావాలన్నాను.

ఖాలా నన్ను ఎగాదిగా చూసి పెద్దగా నవ్వింది. "నీ మొగం చూసి తలుపు తీస్తారని నేను పిలిస్తే, నువ్వు నా మొగం అడుగుతాండావా?"

నవ్విందే గాని గుడ్డ ఇచ్చింది. అట్లా నేను ఆ ఏడాది ఇరానీదాన్నైనాను. ఉరవకొండ వైపు తప్ప మిగతా అన్ని దిక్కులా పల్లెలు తిరిగాం. మేము వీధి మొదట్లో కనపడగానే అరుగు మీది చెంబు లోపలికి పోయేది, పసిపిల్లను చంకనెత్తుకునేవారు, నీళ్లడిగితే పై నుంచి దోసిట్లో పోసేవారు. నన్ను ఇరానీదని పొరపడి చేస్తున్నారులే అని మొదట మనసుకు సర్ది చెప్పుకున్నాను. ఆ పొరపాటు నేను కోరి తెచ్చుకున్నదని, ఖాలాకు మాత్రం అది పొరపాటు కాదు, బతుకని తట్టడానికి చాలా రోజులు పట్టింది. మా ఊళ్లో మా అత్త చెంబు లోపల పెట్టడం నేను ఎన్నిసార్లు చూడలేదు! నేనే లోపలికి తీసుకుపోయి పెట్టేదాన్ని.

ఎండాకాలం ముదిరి పల్లెల్లో బేరాలు సన్నగిల్లాక, ఇక సంతలే గతి అని ఖాలా ఉరవకొండ వైపు సంతకు పోదామంది. కాదనడానికి నా దగ్గర కారణం లేదు. గుడ్డ ముఖం మీదికి లాక్కుని, దుప్పటి పరిచి అద్దాలు పేర్చి కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఒక ముసలాయన వచ్చి మా ముందు చతికిలబడి, దగ్గరివి కనపడడం లేదని చెప్పి చేయి చాచాడు. గొంతు వినగానే గుర్తుపట్టాను. మా నాయన.

నేను తల ఎత్తలేదు. ఖాలా ఒకదాని తరవాత ఒకటి అద్దాలిస్తూ, చూసుకోవడానికి పాత పంచాంగం చేతికిస్తూంది. వంచిన నా కళ్లకు నాయన భుజం మీది పలుపుతాళ్లు కనిపించాయి. మా వైపు ఎద్దులనమ్మిన మనిషి తాళ్లు ఇవ్వడు, ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ ఎద్దులను నాయన కన్నబిడ్డల్లా సాకాడు. గడ్డి లేక ఎవరెవరో అమ్ముకుంటున్నారని చెప్పేవాడే గాని తనకూ ఆ రోజు వస్తుందని అనలేదు. నాకు తెలియకుండానే చేయి నోటికడ్డం పెట్టుకున్నాను, గుడ్డ జారింది. నాయన పంచాంగం మీది నుంచి తలెత్తి ఆ కొత్త అద్దాల్లోంచి సూటిగా నన్ను చూశాడు.

ఆయన ఏమీ అనకముందే, సంతలో సుంకం వసూలు చేసే మనిషి అటుగా వచ్చి గట్టిగా అరిచాడు. "ఏమప్పా పెద్దాయనా, ఎద్దులమ్మిన దుడ్లు నడుముకు కట్టుకోని ఇరానోళ్ల కాడ కూచ్చుంటివే. జాగర్త!"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నాయన నెమ్మదిగా అద్దాలు తీసి దుప్పటి మీద పెట్టాడు. పంచె మడతలోంచి గుడ్డ మూట విప్పి తీసి, అందరూ చూస్తుండగా నా ఒళ్లో పెట్టాడు.

"కొంచేపు ఇది పట్టుకోమ్మా. నేను పోయి మజ్జిగ తాగొస్తా" అన్నాడు.

వెనక్కి తిరిగి చూడకుండా జనంలోకి నడిచిపోయాడు. సుంకం మనిషి ఏదో గొణుక్కుంటూ పోయాడు. మీ నాయనా అని ఖాలా మెల్లగా అడిగితే తల ఊపాను. తన బిడ్డనని ఆయన చెప్పలేదు, పరాయి ఆడమనిషిని పిలిచినట్టు అమ్మా అని పిలిచాడు. నా గుట్టు కాపాడాడని ఊపిరి పీల్చుకున్నాను, అట్లా ఊపిరి పీల్చుకున్నందుకు అదే క్షణంలో చచ్చేంత సిగ్గుపడ్డాను.

నాయన రెండు చేతుల్లో రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొచ్చాడు. మొదటిది ఖాలాకిచ్చి, రెండోది నాకిచ్చి, మూట తీసుకుని నడుముకు కట్టుకున్నాడు. అద్దాలకు ఖాలా వెల పుచ్చుకోనంటే ఒప్పుకోలేదు. లేచేటప్పుడు పలుపుతాళ్లు సర్దుకునే నెపంతో నా వైపు వంగాడు.

"అల్లునికి చెప్పబాకు పాపా."

"ఏంది నాయనా?"

"ఎద్దులు పోయినాయని."

నా సంగతి ఒక్క మాటైనా అడగలేదు.

ఆ తరవాత గుడ్డ కప్పుకోవడం నా వల్ల కాలేదు. కప్పుకోకుండా తిరిగే ధైర్యమూ వెంటనే రాలేదు. కొన్నాళ్లు ఇంట్లోనే కూర్చున్నాను. అప్పుడే బావ అంగళ్లలో సేటు పక్కది ఖాళీ అయింది. ఖాలా కొడుకు చాలాకాలంగా ఒక చిన్న అద్దాల అంగడి పెట్టాలని అందరినీ అడుగుతున్నాడు, ఎవరూ ఇవ్వడం లేదు. ఎవరితోనూ చెప్పకుండా నేను బావ ఇంటికి పోయి ఆ అంగడి ఆ పిల్లవానికి ఇమ్మని అడిగాను. వాళ్లు నీకెట్లా తెలుసని ఆయన అడిగినప్పుడు, ఇక దాచి ప్రయోజనం లేదని, ఏడాదిగా ఖాలాతో పల్లెలు తిరుగుతున్నానని చెప్పేశాను.

బావ ముఖం నల్లబడింది. "ఇండ్లిండ్లూ తిరిగి అద్దాలమ్మినావా? మన మర్యాదేం గావాల? వాళ్లు ఈ పొద్దు ఈడ, రేపు యాడనో. అట్లాంటోళ్లకు అంగడిస్తారా?"

"సేటోళ్లకు మీ తాత ఇయ్యలేదా బావా? అప్పుడు సేటు నాయన యాడోడు?"

నేనన్న ఆ ఒక్క మాటకు నెల తిరక్కుండా మేము గది ఖాళీ చేయాల్సి వచ్చింది. అంగడి సేటు మేనల్లుడికి దక్కింది. కబురు మా ఊరు చేరింది. మా అత్త మనిషిని పంపి మా ఆయనకు చీవాట్లు పెట్టించింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. విషయం తెలిసి ఖాలా పరుగున వచ్చింది. "పోయేదానికి ముందు నన్నొక మాట అడగాల్సింది గదా. ఇట్లాంటివి మాకు కొత్తా? నీ ఇల్లు పోగొట్టుకుంటివి" అని కసిరి, తన వీధిలో ఒక గది ఉంది రమ్మంది. ఆ వీధిలోనా అనుకున్నాను. పైకి అనలేదు గాని నా ముఖంలో ఆమెకు కనపడే ఉంటుంది. మళ్లీ అడగలేదు. మేము రైల్వే క్వార్టర్స్ వెనకాల గది చూసుకున్నాం. మా ఆయన నడుము కుదుటపడి ఒక గోడౌనులో కావలికి చేరాడు, పిల్లలు అందివచ్చారు, అనంతపురం వచ్చేశాం. ఖాలా పోయిన సంగతి చాలా కాలానికి గాని నాకు తెలియలేదు.

పోయిన ఏడు సేటు మనవరాలి పెళ్లికి గుంతకల్లు పోయాను. మూడంతస్తుల ఇల్లు, తెలుగులో అచ్చేసిన శుభలేఖ, మేము గుంతకల్లోళ్లమని చెప్పుకునే పిల్లలు. చూస్తే సంతోషమే అనిపించింది. వాళ్లు కష్టపడలేదని ఎవరంటారు? తిరుగు రైలుకు సమయముంటే ఆటోవాణ్ణి కాలువ అవతలి వీధి మీదుగా పొమ్మన్నాను. కాలువ మీద సిమెంటు పలకలు పడ్డాయి, కొన్ని మిద్దెలు లేచాయి, పిల్లలు స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారట. ఖాలా ఇల్లు వాకబు చేస్తుంటే కాలేజీ సంచితో ఒక అమ్మాయి ఎదురొచ్చింది, ఖాలా మనవరాలట. మీది ఏ ఊరని ఆటోవాడు ఊరకే అడిగాడు. గుంతకల్లే అంది ఆ పిల్ల.

"అట్ల గాదు పాపా, సొంతూరు యాడ?" అన్నాడు వాడు.

ఆ పిల్ల సంచి సర్దుకుని వెళ్లిపోయింది. కరువులు పోయాయంటారు, పొలాలకు కాలువ నీళ్లొచ్చాయంటారు, ఎవరి బతుకులు వాళ్లకు మెరుగయ్యాయి, కాదనను. ఇరవై ఏళ్లుగా నేను అనంతపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. పల్లెలో మాకిప్పుడు సెంటు భూమి లేదు, తెరిచి చూపించడానికి ఒక తలుపు కూడా లేదు. అయినా ఎవరైనా సొంతూరేదని అడిగితే ఆ పల్లె పేరు చెబుతాను, అందరూ నమ్ముతారు. ఆ పిల్ల తను పుట్టిన ఊరి పేరు చెబితే ఎవరూ నమ్మడం లేదు.