పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర గుంట

బెలూన్ల ఉద్యోగం వచ్చేనాటికి మా అత్త మిల్కా ఊరి బడిలో వంట చేస్తుండేది. మాది గ్రీన్‌లాండ్ తూర్పు తీరం. వారానికోసారి బెలూన్‌కి చిన్న పెట్టె కట్టి వదలాలి. పైన ఓజోన్ ఏ ఎత్తులో ఎంతుందో ఆ పెట్టె, అందులో కలిపి పోసిన రసాయనపు మందుతో పసిగట్టి చెబుతుంది, కంప్యూటర్ గీత గీస్తుంది. గాలి పోకడ తెలిసిన మనిషి కావాలని కోపెన్‌హేగన్ వాతావరణ ఆఫీసు వాళ్లు అన్నారు. కుక్కల బండి తోలిన అత్తకు అది కొత్త కాదు.

ఇరవై రెండేళ్లు చేసింది. వేడి దేశాల మీద పుట్టిన ఓజోన్ చలికాలమంతా పైపైన ప్రయాణించి మా నెత్తి మీద దిగుతుంది. అందుకే డిసెంబరు నుంచి గీత ఉబ్బుతూ మార్చికి నిండుగా అవుతుంది, వేసవికి తగ్గుతుంది.

ఒక మార్చిలో మాత్రం, ఉబ్బాల్సిన చోటే, పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తున, గీత లోపలికి పోయింది. కోపెన్‌హేగన్ నుంచి కొత్త ఆఫీసరు ఫోన్ చేశాడు.

"పెట్టెలో పోసే మందు పాతదేమోనండీ."

"నిన్ననే కలిపాను."

"కలపడంలో తేడా వచ్చిందేమో?"

"బాబూ, సూపులో ఉప్పు మర్చిపోతానేమో గానీ, ఇందులో పొరపాటు చెయ్యను."

అలా అన్నదే గానీ, ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అనుమానం వచ్చిందట. మర్నాడు పొద్దున్నే మందు మళ్లీ కలిపి, కొత్త పెట్టె తీసింది. గాలి విసురుగా ఉంది. సీల్ వేటకు బయల్దేరిన మావయ్య ఎసాయాస్‌ని ఆపి, బెలూన్ పట్టుకోమంది.

"ఇంత గాలిలోనా? నేనూ ఎగిరిపోతానే!"

"నీ బొజ్జకి ఆ భయమేం లేదు. గట్టిగా పట్టుకో."

మొదటి బెలూన్ మంచుగడ్డకు తగిలి పగిలింది. రెండోది లేచింది. గంటన్నరలో గీత వచ్చింది. అదే చోట, అదే గుంట.

వారంలోపు ఉత్తరాన మిగతా కేంద్రాలూ అదే చెప్పాయి. ఆ ఏడాది ధ్రువం చుట్టూ తిరిగే గాలుల సుడి విడకుండా బిగుసుకుపోయి, దక్షిణపు గాలిని రానివ్వలేదు. లోపలి విపరీతమైన చలిలో, గాలిలో పేరుకున్న క్లోరిన్ రసాయనాలు రెచ్చిపోయి, ఉన్న ఓజోన్‌ని కూడా చాలావరకు నాశనం చేశాయి.

"క్షమించండి మిల్కాగారూ," అన్నాడు ఆఫీసరు.

"సరేలే. బెలూన్లు రెండు పంపించు, తక్కువయ్యాయి."

ఏప్రిల్ చివర్లో సుడి విడింది. వారం తిరక్కుండా గీత నిండింది.

"మరి ఈ ఓజోన్ ఇన్నాళ్లూ ఎక్కడుందట?" అన్నాడు మావయ్య, కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"గుమ్మం బయట నిలబడింది, పాపం," అంది అత్త.

ఆ తర్వాత రెండేళ్లు చేసి, మోకాళ్ల నొప్పులని మానేసింది.