ఐదో భాగం మీద మా అభిప్రాయాలు

మొన్న మా డ్రాయింగు ఆఫీసులో ప్లాన్లకు నకళ్లు గీసే ఇద్దరు ట్రేసర్లు ఒక మాంత్రిక నవల ఎనిమిదో భాగం గురించి మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. కథ నడవడం లేదని ఒకరు, అందులోనే పస ఉందని మరొకరు. తీర్పు చెప్పమని నన్ను అడిగారు. నేను ఐదో భాగం దగ్గరే ఆగిపోయానన్నాను.

దాన్ని పోచంపల్లి దగ్గర మా అక్క వాళ్ల ఊళ్లో చదివాను. పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం అది. హైదరాబాదులో ఓవర్సీరు చదువు ముగించి సెలవులకు వెళ్లాను. మూడో రోజున దొర గడిలో సర్కారు సాయుధుల క్యాంపు దిగి, ఊరి రెండు దారులూ మూసేసింది. దాటితే కాలుస్తారు. నూలు రాక బావ మగ్గం ఆగింది. ఇంట్లో మిగిలినవి మూడు: జొన్న గటక, ఉక్కపోత, ఆ పుస్తకం. మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసి బావ పైకి చదివేవాడు, జొన్నలు చెరుగుతూ అక్క వినేది. నాలుగు భాగాల్లో సముద్రాలన్నీ దాటిన రాజకుమారుడు ఈ భాగమంతా రాక్షసుడి చెరసాలలోనే ఉండి, చివరి పేజీలో సొరంగం తవ్వుకుని బయటపడ్డాడు. బావకు ఒళ్లు మండింది. "గిన్ని పేజీలు గోడకు ఒరిగి కూసునుడేనా? గిదేం కథ?" అన్నాడు. రాక్షసుడి భార్య ఖైదీకి రోజూ అన్నం పంపడం మాత్రం అక్కకు నచ్చింది. పాఠకుల ఉత్తరాలను తర్వాతి భాగం చివర అచ్చువేసేవారు. దారి తెరిచాక పంపుదామని మా అభిప్రాయాలకు నంబర్లు వేసి రాశాను. నాలుగోది నాది: ఆ సొరంగం అసాధ్యం. నిరూపించడానికి చెరసాల ప్లాను గీశాను. పుస్తకంలో కొలతలు లేవు. నాకు కొలతలు తెలిసిన కోటలాంటి కట్టడం ఒక్కటే, చదువుకునే రోజుల్లో అభ్యాసానికి కొలిచిన దొర గడి. గోడల మందం, బురుజులు అన్నీ సరిగ్గా వేసి, సొరంగం కన్నా వెనక తలుపు దారి సులువని ఎర్ర సిరాతో చూపించాను. ఉత్తర దిక్కు బాణం కూడా మరవలేదు.

వారం తర్వాత సోదాకు వచ్చిన క్యాంపు జమేదారు ఆ కాగితం విప్పి చాలాసేపు చూశాడు. ఎవరు గీశారని అడిగాడు. నేను లేచేలోపే బావ లేచాడు.

"నేనే గీసిన సాబ్. కథల పుస్తకంల జైలు అది. మా బామ్మర్ది సుట్టపుసూపుకు వచ్చిండు, వానికేం ఎరుకలేదు."

"కథల జైలుకు మా గడి తలుపెట్ల వచ్చింది?" అన్నాడు జమేదారు, నవ్వకుండానే.

నోరు తెరిచాను. వెనక నుంచి అక్క నా మణికట్టు పట్టుకుంది. జమేదారు మనుషులు బావను పట్టుకుపోతూ వీధి మలుపు దాటించేదాకా వదల్లేదు. వదిలాక నా ముఖం చూడకుండా పొయ్యి దగ్గరికి వెళ్లింది. మర్నాటి నుంచి రోజూ గటక ముంతతో గడి దాకా పోయేది. ముంత లోపలికి పోయేది, కబురు మాత్రం బయటికి వచ్చేది కాదు. నేను దూలం మీద బొగ్గుతో రోజుకొక గీత గీసేవాణ్ని. ఇంకేమీ చేయలేకపోయాను.

పోలీసు చర్య పటాలాలు వస్తున్నాయని తెలిసి క్యాంపు ఖాళీ అయిన పొద్దున, బావ ఒక కాలు ఈడ్చుకుంటూ తనే నడిచి వచ్చాడు. తప్పు నాదని చెప్పబోయి, నూట ఆరు రోజులైందని లెక్క చెప్పాను.

బావ నీళ్ల చెంబు కింద పెట్టాడు. "లోపట దినాలు లేవురా. గా పుస్తకం రాసినాయన జర తక్కువనే రాసిండు."

గీతలు గీసి లెక్కపెట్టుకోగలిగిన రోజులు బయట కూర్చున్నవాడివేనని నాకు అప్పుడే తెలిసింది.