పొట్ట కొట్టుకుని చెప్పిన మాట
నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మా ఆయన పోయాక మా ఇంటికి తిండి పెడుతున్నది కిరాయికి తిరిగే మా పాత కారే. ఈ రోజు అది మళ్ళీ ఆగిపోయింది.

రావులపాలెం మెకానిక్ చూసి, "ఇంక బాగుచేయించడం దండగండి మామ్మగారూ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

సరేనని కొత్త కార్లు ఇప్పించే బ్రోకరు దగ్గరికి వెళ్ళాను. "కొత్తదెందుకండీ? ఇంజను బాగుచేయిస్తే ఇంకో పదేళ్ళు తిరుగుద్దండి" అన్నాడు.

"నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటావేంట్రా?" అని కసిరాను.

"ఆయ్, మీతో అబద్ధం ఆడలేనండి."

మెకానిక్‌ను కూడా అలాగే కసిరితే, నాతో అబద్ధం ఆడలేనని అతనిదీ అదే మాట.

మోసగాడైతే ఇట్టే పట్టేస్తాను. ఇద్దరూ తమ పొట్ట తామే కొట్టుకుని చెబుతుంటే ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. మీరైతే ఎవరి మాట వింటారు?