బోర్డు కింది సగం

డ్రాయింగు మాస్టారు పోయారన్న కబురు నాకు వార్తల బోర్డు దగ్గరే తెలిసింది. పొద్దున ప్రార్థనకు ముందు ఎప్పటిలా బోర్డు పై సగం రాస్తున్నాను. మా చప్రాసి సైకిలు గోడకు ఆనించి, టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. "సార్, జహనుమా బస్తీ నుంచి వస్తున్న. మన డ్రాయింగ్ సార్ తెల్లారంగ పోయిండు. నిద్రల్నే పోయిండట" అన్నాడు. చెప్పుకుంటే బాగుండదు గానీ, ఆ మాట వినగానే నాకు ఏడుపు కన్నా ముందు అసూయ వచ్చింది. నేను కంటినిండా నిద్రపోయి ఎన్నేళ్లయిందో! ఈ మనిషి చావును కూడా హాయిగా నిద్రలోనే కానిచ్చేశాడు.

ఛత్రినాకలోని మా బడిలో అడుగు పెట్టగానే వరండాలో ఆ నల్లబోర్డు కనిపిస్తుంది. మధ్యలో అడ్డంగా ఒక సుద్ద గీత. గీతకు పైన దేశం వార్తలు. సోషలు చెప్పేవాణ్ని కాబట్టి అవి నా వంతు. గీతకు కింద ఆయన వార్తలు. నేను రేడియో విని, పేపరు చదివి, గుండెల మీద బండ పెట్టుకున్నట్టు బడికొచ్చి రాసేవాణ్ని: కాల్పులు, కరువు, కూలిన మంత్రివర్గం, సరిహద్దులో సైన్యం. ఆయన తీరిగ్గా వచ్చి, గొంతుకూర్చుని, కింద రాసేవారు: "ఐదో తరగతి యాదమ్మోళ్ల మేక రెండు పిల్లలను ఈనింది." లేదా, "పంపు కాడి జామచెట్టు కాయ పట్టింది. పండేదాక ఎవరు తెంపొద్దు." పక్కన మేకపిల్ల బొమ్మో, జామకాయ బొమ్మో. పిల్లలు ఎక్కడ మూగేవారో మీకు వేరే చెప్పాలా? బొమ్మ కోసమేలే అని సరిపెట్టుకుందామంటే, బొమ్మ లేని రోజు కూడా అక్కడే మూగేవారు.

బోర్డుకు ఏటా కొత్తగా రంగు వేయించేవాళ్లం. ఆ తర్వాత గీత గీసేది ఆయనే. గీసిన ప్రతిసారీ దాన్ని వేలెడు పైకి జరుపుతున్నారని నా అనుమానం. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఇదేం బాగలేదన్నా. నా జాగ తక్కువైతుంది."

ఆయన నవ్వి, అరచేత్తో గీత మొత్తం తుడిచేశారు. "సర్‌హద్ లొల్లి మనకెందుకు తమ్మీ? అంత నువ్వే తీస్కో."

ఆ రోజు బోర్డంతా నాదే. కింది అంచు దాకా దేశాన్ని నింపాను. పిల్లలు వచ్చి, కింద వెతికి, "ఇయ్యాల ఏం లేదురా" అనుకుంటూ వెళ్లిపోయారు. మర్నాడు గీత నేనే గీశాను, ఆయన గీసిన చోటే.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. మాస్టారి పెద్దకొడుకు మిలిటరీలో లారీ డ్రైవరు. యుద్ధం మొదలయ్యాక అతని కబురు ఆగిపోయిందని బడంతా తెలుసు. నా వాళ్లెవరూ సైన్యంలో లేరు. అయినా నాకు అన్నం సహించేది కాదు. ఆయన రోజూ వచ్చి ముందు నా సగం చివరిదాకా చదివేవారు. చదివి, కాసేపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉండిపోయేవారు. ఆ తర్వాత కూర్చుని, నాలుగో తరగతి కిటికీలో పిచ్చుక కడుతున్న గూడు గురించి రాసేవారు. నాకు ఒళ్లు మండింది.

"నీకు ఫికర్ లేదా అన్నా? గియ్యి రాయనీకి చెయ్యెట్ల వస్తుంది?"

"ఎందుకు లేదు? కడుపుల మండుతనే ఉంది." సుద్దముక్క మీది దుమ్ము ఊదుకున్నారు. "పైన నువ్వు రాస్తున్నవ్ గద తమ్మీ. కింద గూడ గదే రాస్తే పిలగాండ్లు యాడ నిలబడాలె?"

ఆ జవాబుతో నా మనసు కుదుటపడలేదు. ఇంకా కుళ్లుకున్నాను. దిగులుపడే హక్కు నిండుగా ఉన్న మనిషి దాన్ని పక్కన పెట్టి పిచ్చుక బొమ్మ వేస్తున్నాడు. ఎవరూ పురమాయించని నేను దేశం బరువంతా నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను, ఎక్కడ దించాలో తెలియడం లేదు.

యుద్ధం గెలిచామని రంగు సుద్దతో ఇంతేసి అక్షరాలు రాశాను. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున ఆయన కింద రాశారు: "పిచ్చుక గుడ్లు పెట్టింది. మా పెద్దోడు ఇంటికొచ్చిండు." రెండూ ఒకే సైజు అక్షరాలు. బడి బడంతా అక్కడికే వచ్చిపడింది. పెద్ద టీచరమ్మ కూడా వంగి చదివి, కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నేనూ సంతోషించాను. పై సగం మాత్రం ఆ పూట ఒక్కరూ చదవలేదు.

తర్వాత ఎమర్జెన్సీ. ఏం రాస్తే ఏమవుతుందోనని భయపడుతూ, రాయమన్నదే రాశాను. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి కూలిన ప్రభుత్వాలు. ఆపైన మతగొడవలతో మా వీధుల్లోకే వచ్చిన కర్ఫ్యూలు. రిటైరయ్యాక కూడా మాస్టారు పొద్దుటి నడకకని బయల్దేరి, వచ్చి కింది సగం రాసి పోయేవారు. కర్ఫ్యూ ఎత్తేసి బడి తెరిచిన రోజున నాకు పైన ఒక్క అక్షరం రాయడానికి చెయ్యి లేవలేదు. ఆయన కింద, "వచ్చినోళ్లందరికి సలాం. రానోళ్లు రేపు రండ్రి" అని రాశారు. నా వైపు చూసి, "నీకు దేశం మీద మస్తు ప్రేమ తమ్మీ. గంత ప్రేమ ఉన్నోనికి నిద్రెట్లొస్తది?" అన్నారు. అది మెచ్చుకోలో ఎకసెక్కమో నేనింకా తేల్చుకోలేదు. ఇక అడగడానికీ లేదు.

మొన్న చప్రాసి ఆ కబురు చెప్పి వెళ్లాక బోర్డు వైపు చూశాను. పైన నా వాక్యం సగంలో ఆగి ఉంది, ఎక్కడివో కాల్పులు. పెద్దవాళ్లు పోతే పైనే రాస్తాం కాబట్టి చెయ్యి అటే లేచింది. కానీ అక్కడ ఆయన్ని ఎవరు చదువుతారు? గీత కింద ఆయన ముందురోజు రాసి వెళ్లినది అలాగే ఉంది: "పంపు కాడి జామకాయలు పండినయి. ఇగ తెంపుకోవచ్చు." దాన్ని తుడవలేదు. పట్టేసిన మోకాళ్లతో ఎలాగో కిందికి కూర్చుని, దాని కింద, అదే సైజు అక్షరాలతో రాశాను: "డ్రాయింగ్ సార్ పోయిండు."

లేచేలోపే పిల్లలు వచ్చారు. నా వీపు వెనక చప్పుడు లేకుండా మూగారు. ఇన్నేళ్లలో నేను రాసినదాని చుట్టూ పిల్లలు నిలబడడం అదే మొదలు. ఆ గుంపు కూడా ఆయనదే. అంత దుఃఖంలోనూ నాకు కడుపు మండింది.

"సార్, బొమ్మ ఎయ్యవా?" అని అడిగింది ఒక చిన్నపిల్ల.

నాకు బొమ్మలు రావు. అయినా ఆయన వదిలి వెళ్లిన సుద్దముక్క తీసుకుని ఒక జామకాయ గీశాను. ఆకు కూడా పెట్టాను. వంకరగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.